జిమ్నీ, జిప్సీ లాగట్లేదా? ఇంజిన్ మీద లక్షలు పోసే ముందు ఈ లెక్కలు తెలుసుకోవాల్సిందే

చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నవాళ్లలో చాలామందికి కొన్నాళ్లకే వచ్చే డౌట్ ఒకటే. "ఇంకాస్త పవర్ ఉంటే బాగుండేది కదా" అని. బురదలో చక్రం దిగినప్పుడు, ఘాట్ రోడ్డులో లారీ వెనక ఇరుక్కున్నప్పుడు 1.3 లీటర్, 1.5 లీటర్ ఇంజిన్ల దమ్ము ఎంతో తెలిసిపోతుంది. వెంటనే సైలెన్సర్ మార్పించాలా, ఈసీయూ రీమ్యాప్ చేయించాలా, టర్బో బిగించాలా అనే ఆలోచన మొదలవుతుంది.

కానీ చాలా బండ్లలో అసలు సమస్య ఇంజిన్ చిన్నది కావడం కాదు. ఉన్న పవర్ చక్రాల దాకా చేరకపోవడం. పెద్ద టైర్లు, ఎక్కువ బరువు, అరిగిన రింగులు, పూడుకుపోయిన ఫిల్టర్లు కలిసి మింగేస్తున్న బలం, వేలు పోసి తెచ్చుకునే కొత్త పవర్ కంటే ఎక్కువే ఉంటుంది. ఏది చేస్తే ఎంత వస్తుంది? ఏది చేస్తే ఇంజిన్ పోతుంది? చట్టం ఏం చెబుతోంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

రెండు బండ్లు.. రెండు ఇంజిన్లు

మన దేశంలో చిన్న ఫోర్ సిలిండర్ ఆఫ్‌రోడర్ అనగానే గుర్తొచ్చేది మారుతీ జిప్సీ. 1985లో వచ్చినప్పుడు ఇందులో ఉన్నది 970 సీసీ ఇంజిన్. పవర్ 45 బీహెచ్‌పీ మాత్రమే. 1996లో జిప్సీ కింగ్ పేరుతో 1298 సీసీ కార్బ్యురేటర్ ఇంజిన్ వచ్చింది. పవర్ 60 బీహెచ్‌పీకి చేరింది. 2000లో అదే 1298 సీసీకి 16 వాల్వులు, ఎంపీఎఫ్ఐ జోడించడంతో 80 బీహెచ్‌పీ అయింది.

ఇక 2023 జూన్‌లో మన మార్కెట్లోకి వచ్చిన ఐదు డోర్ల జిమ్నీలో 1462 సీసీ కే15బీ ఇంజిన్ ఉంది. 6000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 103 బీహెచ్‌పీ, 4000 ఆర్‌పీఎం దగ్గర 134 ఎన్ఎం టార్క్ ఇస్తుంది.

జిప్సీ లెక్కలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. 60 నుంచి 80కి వెళ్లినప్పుడు ఇంజిన్ సైజు ఒక్క సీసీ కూడా పెరగలేదు. సిలిండర్‌లోకి గాలి ధారాళంగా వెళ్లేలా వాల్వులు పెంచారు. పెట్రోల్ కొలత ప్రకారం అందేలా ఇంజెక్షన్ పెట్టారు. అంతే, పవర్ మూడో వంతు పెరిగింది. ఇంజిన్ పవర్ అంటే చివరికి గాలి లెక్కే. ఎంత గాలి లోపలికి వెళ్తే, దానికి తగ్గ పెట్రోల్ అంత మండుతుంది.

పవర్ వేరు.. టార్క్ వేరు

బ్రోచర్‌లో కనిపించే 103 బీహెచ్‌పీ అన్ని వేళలా దొరకదు. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7,121తో భాగిస్తే బీహెచ్‌పీ వస్తుంది. జిమ్నీలో 4000 ఆర్‌పీఎం దగ్గర 134 ఎన్ఎం ఉంటే, ఆ సమయంలో పవర్ 75 బీహెచ్‌పీ మాత్రమే. 103 చూడాలంటే ఇంజిన్‌ను 6000 దాకా లాగాలి.

రాళ్లలో, బురదలో ఎవరూ 6000 ఆర్‌పీఎంలో నడపరు. అక్కడ 1500 నుంచి 3000 మధ్య బండి ఎంత గట్టిగా లాగుతుందన్నదే ముఖ్యం. అందుకే హైవే ఓవర్‌టేక్‌కు కావాల్సిన మార్పు వేరు, ఆఫ్‌రోడ్‌కు కావాల్సిన మార్పు వేరు. ఈ తేడా తెలియక ఖర్చు పెడితే, హైవేలో కాస్త హుషారుగా ఉండే బండి బురదలో మునుపటి కంటే నీరసపడిపోతుంది.

ముందు పోయిన పవర్‌ను వెనక్కి తేవాలి

సెకండ్ హ్యాండ్ జిప్సీ అయితే మొదట చేయించాల్సింది కంప్రెషన్ టెస్ట్. నాలుగు సిలిండర్లలోనూ ప్రెషర్ దాదాపు సమానంగా ఉండాలి. ఒక సిలిండర్‌కూ ఇంకో సిలిండర్‌కూ 10 శాతం కంటే ఎక్కువ తేడా ఉంటే లోపల ఏదో తేడా కొట్టిందని అర్థం.

తక్కువ చూపించిన సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే గుట్టు బయటపడుతుంది. ప్రెషర్ పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులు సరిగ్గా కూర్చోకపోవడమో, హెడ్ గాస్కెట్ పోవడమో కారణం కావచ్చు. ఇలాంటి ఇంజిన్‌కు కొత్త సైలెన్సర్ తగిలిస్తే చప్పుడు పెరుగుతుంది తప్ప పికప్ పెరగదు.

ఆ తర్వాత చూసుకోవాల్సినవి ఇవి:

- ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, ఫ్యూయల్ ఫిల్టర్. ఖర్చు తక్కువ, తేడా వెంటనే తెలుస్తుంది.
- ట్యాపెట్ క్లియరెన్స్. వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా, చాలినంత తెరుచుకోకపోయినా పవర్ పోతుంది.
- జిప్సీ టైమింగ్ బెల్ట్. బిగించేటప్పుడు ఒక్క పన్ను అటూ ఇటూ అయినా బండి లాగదు. జిమ్నీలో బెల్ట్ కాదు, చైన్ ఉంటుంది.
- ఫ్యూయల్ పంప్ ప్రెషర్, ఇంజెక్టర్లు, ఆక్సిజన్ సెన్సర్. సెన్సర్ తప్పు చెబితే ఈసీయూ పెట్రోల్ లెక్క తప్పుతుంది.
- క్యాటలిటిక్ కన్వర్టర్. లోపల కరిగి పూడుకుపోతే ఇంజిన్ ఊపిరాడక కొట్టుకుంటుంది. పైకి వెళ్లేకొద్దీ రేజ్ అవ్వదు.
- క్లచ్ ప్లేట్, పట్టేసిన బ్రేకులు. బండి ఆపి చక్రాలు ముట్టుకుంటే ఒకటి మిగతా వాటికంటే ఎక్కువగా కాలుతుంటే, ఇంజిన్ బలం అక్కడ వేడిగా పోతున్నట్టే.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే కొత్త పవర్ గురించి ఆలోచించాలి.

టైర్లు తినేస్తున్న బలం ఎంత?

జిమ్నీకి కంపెనీ ఇచ్చే టైర్ 195/80 ఆర్15. దాని ఎత్తు దాదాపు 693 మిల్లీమీటర్లు. లుక్ కోసం 235/75 ఆర్15 వేస్తే ఎత్తు 733 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే దాదాపు 6 శాతం పెద్దది. 31 అంగుళాల టైర్ వేస్తే తేడా 13 శాతం పైనే.

చక్రం పెద్దదైతే నేల మీద పడే తోపుడు బలం తగ్గుతుంది. 31 అంగుళాల టైర్‌తో ఈ నష్టం దాదాపు 12 శాతం. జిమ్నీ 134 ఎన్ఎంలో ఇది 16 ఎన్ఎం పోగొట్టుకోవడంతో సమానం. పైగా పెద్ద టైర్ బరువు కూడా ఎక్కువే. దాన్ని తిప్పడానికి ఇంజిన్, ఆపడానికి బ్రేకులు రెండూ ఎక్కువ కష్టపడాలి. స్పీడోమీటర్ చూపించే వేగం కంటే బండి ఎక్కువ వేగంతో వెళ్తుంటుంది.

బరువు లెక్క కూడా ఇలాంటిదే. జిమ్నీ దాదాపు 1200 కిలోలు ఉంటుంది. స్టీల్ బంపర్, వించ్, రూఫ్ క్యారియర్, దాని మీద టెంట్, జెర్రీ క్యాన్లు కలిసి 100 కిలోలు ఎక్కిస్తే బరువు 8 శాతం పెరిగినట్టు. పికప్ కూడా దాదాపు అంతే తగ్గుతుంది. వీకెండ్‌లో వాడే సామాను వారమంతా మోసుకు తిరగకుండా దించేస్తే, రూపాయి ఖర్చు లేకుండా వచ్చే పవర్ అది.

ఆఫ్‌రోడ్‌కు అసలు మందు గేర్లే

ఇంజిన్ టార్క్ నేరుగా చక్రానికి వెళ్లదు. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, యాక్సిల్ మూడూ దాన్ని గుణించి పంపుతాయి. జిమ్నీలో లివర్‌ను ఫోర్ లోకి వేయగానే గేర్ నిష్పత్తి 2.002 అవుతుంది. అంటే ఇంజిన్‌లో ఏ మార్పూ చేయకుండానే చక్రాల దగ్గర టార్క్ రెట్టింపు అవుతుంది. వేగం సగానికి తగ్గుతుంది. ఇంత లాభం ఏ టర్బో కూడా ఇవ్వదు.

విచిత్రం ఏంటంటే, ఏటవాలులో హై గేర్‌లోనే యాక్సిలరేటర్ తొక్కుతూ క్లచ్ కాల్చుకుని, తర్వాత "పవర్ లేదు" అనుకునేవాళ్లు ఎక్కువ. జారుడు నేల, రాళ్లు, బురద, ఇసుక ఉన్న చోట ముందే బండి ఆపి లో రేంజ్‌లోకి మారితే సగం ఫిర్యాదులు ఉండవు. అయితే పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడపకూడదు. మలుపుల్లో ముందు, వెనుక చక్రాల వేగాల్లో తేడా వచ్చి గేర్ల మీద ఒత్తిడి పడుతుంది.

జిప్సీ 1.3 ట్రాన్స్‌ఫర్ కేస్‌లో హై 1.409, లో 2.268 ఉంటాయి. జిప్సీకి అన్నలాంటి సుజుకీ సమురాయ్ విదేశాల్లో బాగా ఆడింది. అక్కడ దీనికి 4.16 లో రేంజ్ గేర్ సెట్లు దొరుకుతాయి. అవి బిగిస్తే లో రేంజ్‌లో బలం 83 శాతం, హై రేంజ్‌లో 12 శాతం పెరుగుతుంది. పెద్ద టైర్లు వేసిన వాళ్లు పోగొట్టుకున్నది ఇలా తిరిగి తెచ్చుకుంటారు. బదులుగా హైవేలో ఇంజిన్ ఎక్కువ ఆర్‌పీఎంలో తిరుగుతుంది. చప్పుడు, పెట్రోల్ ఖర్చు పెరుగుతాయి.

ఫిల్టర్, సైలెన్సర్‌తో వచ్చేదెంత?

1462 సీసీ ఇంజిన్ 4000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి గరిష్ఠంగా 2,900 లీటర్ల గాలి పీల్చగలదు. కంపెనీ ఫిల్టర్ శుభ్రంగా ఉంటే ఈ గాలికి పెద్దగా అడ్డు ఉండదు. అందుకే ఫిల్టర్ ఒక్కటి మార్చితే వచ్చే తేడా చాలా తక్కువ.

పైగా బోనెట్ కింద తెరిచి ఉండే కోన్ ఫిల్టర్ పెడితే ఇంజిన్ బయటి గాలి బదులు వేడి గాలి పీలుస్తుంది. 35 డిగ్రీల గాలి బదులు 65 డిగ్రీల గాలి వెళ్తే సాంద్రత దాదాపు 9 శాతం తగ్గుతుంది. శబ్దం గర్జనలా ఉంటుంది కానీ పవర్ తగ్గుతుంది. ఎర్రమట్టి దారుల్లో నాసిరకం ఫిల్టర్ వదిలే సన్న దుమ్ము సిలిండర్ గోడలను గీకేస్తుంది కూడా. ఇక స్నార్కెల్ పెట్టేది నీళ్లు, దుమ్ము లోపలికి పోకుండా. పవర్ కోసం కాదు.

సైలెన్సర్ విషయంలోనూ ఇదే పరిస్థితి. సరిగ్గా లెక్కగట్టి చేసిన హెడర్, పైపు కొన్ని శాతం ఇస్తాయి. "ఎంత లావు పైపు ఉంటే అంత పవర్" అన్నది మాత్రం అపోహ. చిన్న ఇంజిన్‌కు మరీ లావు పైపు వేస్తే పొగ వేగం తగ్గి, తక్కువ ఆర్‌పీఎంలో టార్క్ పడిపోతుంది. ఆఫ్‌రోడ్‌లో కావాల్సింది సరిగ్గా అదే టార్క్.

క్యామ్, హెడ్ ఫేసింగ్, రీమ్యాప్

వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉంచే స్పోర్ట్స్ క్యామ్ షాఫ్ట్ వేస్తే పైన 5000 ఆర్‌పీఎం దాటాక ఇంజిన్ చెలరేగుతుంది. కింద మాత్రం నీరసిస్తుంది. రోడ్డు ర్యాలీకి అది సరిపోవచ్చు కానీ రాళ్లెక్కే బండికి పనికిరాదు.

లేత్ షాపులో హెడ్ ఫేసింగ్ చేయించి కంప్రెషన్ పెంచడం పాత పద్ధతి. కొద్దిగా పెంచితే అన్ని ఆర్‌పీఎంలలోనూ లాభమే. శృతి మించితే మాత్రం నాకింగ్ మొదలవుతుంది. అంటే పెట్రోల్ వేళకు ముందే పేలి పిస్టన్ మీద సుత్తి దెబ్బలా పడుతుంది. జిమ్నీ ఇంజిన్ కంప్రెషన్ ఇప్పటికే 10:1 ఉంది. అక్కడ ఆడుకునే చోటు తక్కువ.

ఈసీయూ రీమ్యాప్ మీద ఆశలు ఎక్కువ. టర్బో ఇంజిన్లలో బూస్ట్ పెంచే వీలుంటుంది కాబట్టి పెద్ద తేడా కనిపిస్తుంది. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్‌లో పెంచడానికి బూస్టే ఉండదు. అక్కడ లాభం సాధారణంగా 5 నుంచి 10 శాతం లోపే. యాక్సిలరేటర్ స్పందన చురుగ్గా మారడం వల్ల పవర్ బాగా పెరిగినట్టు అనిపిస్తుంది. నిజంగా పెరిగిందా లేదా అన్నది తేల్చేది డైనో మెషీన్ మాత్రమే. మార్పుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అదే డైనో మీద కొలిపించుకోవాలి.

టర్బో, సూపర్‌చార్జర్.. ఎవరికి?

నిజంగా పెద్ద మార్పు కావాలంటే గాలిని బలవంతంగా లోపలికి తోయాల్సిందే. 0.4 బార్ బూస్ట్ ఇస్తే లెక్క ప్రకారం 40 శాతం ఎక్కువ గాలి వెళ్తుంది. వేడి వల్ల, ఇతర నష్టాల వల్ల చేతికొచ్చేది అంతకంటే తక్కువే. అయినా తేడా స్పష్టంగా ఉంటుంది.

ముఖ్యంగా ఎత్తైన ప్రాంతాల్లో దీని విలువ తెలుస్తుంది. ప్రతి 1000 మీటర్లకు గాలి సాంద్రత దాదాపు 10 శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. దాదాపు 1000 మీటర్ల ఎత్తున్న అరకు, లంబసింగి వైపు ఘాట్లలోనే ఆ కొంచెం తేడా తెలుస్తుంది. 5,300 మీటర్లు దాటిన లద్దాఖ్‌లోని ఖర్దూంగ్ లా దగ్గర గాలి 40 శాతానికి పైగా పలచన. అక్కడ 103 బీహెచ్‌పీ జిమ్నీ 60 దరిదాపుల్లోకి పడిపోతుంది.

దీనికి ప్రపంచ రికార్డే సాక్ష్యం. 2007 ఏప్రిల్ 21న చిలీకి చెందిన గొన్జాలో బ్రావో, ఎడ్వార్డో కనాలెస్ ఓహోస్ దెల్ సలాదో అగ్నిపర్వతం మీద 6,688 మీటర్ల ఎత్తు వరకు బండి నడిపి రికార్డు సృష్టించారు. వాళ్లు వాడింది మార్పులు చేసిన సుజుకీ సమురాయ్. అందులో ఉన్నది 1.6 లీటర్ ఫోర్ సిలిండర్ ఇంజిన్, దానికి సూపర్‌చార్జర్. గాలి పలచబడే చోటుకు గాలిని తోసే యంత్రాన్ని తీసుకెళ్లారు. అదీ మూడో ప్రయత్నంలో గెలిచారు.

కానీ టర్బో కిట్ ఒక్కటే కొంటే పని అయిపోదు. ఇంటర్‌కూలర్, పెద్ద ఇంజెక్టర్లు, కొత్త ఈసీయూ మ్యాప్, గట్టి క్లచ్, మెరుగైన కూలింగ్ అన్నీ కావాలి. 10:1 కంప్రెషన్ ఉన్న ఇంజిన్‌లో బూస్ట్ పెంచితే నాకింగ్ ముప్పు ఎక్కువ. పెట్రోల్ మ్యాప్ కాస్త తప్పినా పిస్టన్లు పగిలిపోతాయి. ఖర్చు తగ్గించుకోవాలని ఇందులో ఒక్కటి వదిలేసినా మొత్తం ఇంజిన్‌కే ఎసరు.

ఇంజిన్ మార్పిడి

"సీసీని మించిన మందు లేదు" అని పాత మెకానిక్‌లు ఊరికే అనరు. జిప్సీలోని జీ13 ఇంజిన్‌కు అన్న జీ16. మన దేశంలో పాత బలేనో సెడాన్‌లో వచ్చిన 1590 సీసీ ఇంజిన్ ఈ కుటుంబానిదే. పవర్ 94 బీహెచ్‌పీ. ఒకే కుటుంబం కావడంతో జిప్సీ గేర్‌బాక్స్‌కు సులువుగా కలుస్తుంది. అందుకే మోటార్ స్పోర్ట్స్ వాళ్లు దీన్ని ఇష్టపడతారు. తక్కువ ఆర్‌పీఎంలోనే టార్క్ పెరగడం దీని అసలు లాభం. అయితే వైరింగ్, రేడియేటర్, మౌంటింగ్‌లు తెలిసిన చేతులు పడాలి. దానికంటే పెద్ద చిక్కు చట్టంతోనే.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు, ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ(4) కింద, అనుమతి లేని మార్పులు చేస్తే ఓనర్‌కు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పెద్ద చప్పుడు చేసే సైలెన్సర్, క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం శబ్ద, వాయు కాలుష్య నిబంధనల కిందికి కూడా వస్తాయి.

అసలు దెబ్బ యాక్సిడెంట్ జరిగినప్పుడు తగులుతుంది. మార్పుల సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదం ఉంది. కొత్త బండికి వారంటీ పోతుంది. అందుకే ఇంజిన్ మార్పిడి, టర్బో లాంటివి ప్రైవేట్ ట్రాక్‌లు, పోటీల బండ్లకే పరిమితం చేసుకోవడం మంచిది. ఏ మార్పు చేయాలన్నా ముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఖర్చు ఏ వరుసలో పెట్టాలి?

- మొదట కంప్రెషన్ టెస్ట్, పూర్తి సర్వీస్, పట్టేసిన బ్రేకుల రిపేర్.
- తర్వాత అదనపు బరువు దించడం, కంపెనీ సైజుకు దగ్గరగా ఉండే మంచి ఆఫ్‌రోడ్ టైర్లు.
- ఆ తర్వాత లో రేంజ్ సరిగ్గా వాడటం నేర్చుకోవడం. అవసరమైన చోట టైర్లలో గాలి తగ్గించడం, తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ నింపడం.
- ఇంకా కావాలంటే, పెద్ద టైర్లు తప్పనిసరైతే, గేర్ నిష్పత్తి మార్పు.
- చివర్లోనే ఇంజిన్ జోలికి. అదీ కూలింగ్, క్లచ్, బ్రేకులు కలిపి బడ్జెట్ వేసుకున్నాకే.

పెట్రోల్‌లో ఉన్న శక్తిలో ఇంజిన్ పనిగా మార్చేది దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు మాత్రమే. మిగతాదంతా వేడి. పవర్ పెంచితే ఆ వేడి కూడా పెరుగుతుంది. మన ఎండల్లో, ఫోర్ లోలో నెమ్మదిగా పాకే బండికి రేడియేటర్ గాలి కూడా అంతంతే. పెరిగిన పవర్‌ను చల్లబరిచే రేడియేటర్, ఆపగలిగే బ్రేకులు లేకపోతే ఆ బండి అడవి మధ్యలో ఆవిరి కక్కుతూ ఆగిపోతుంది. అప్పుడు దాన్ని లాక్కెళ్లడానికి వచ్చేది, ఎవరో సరిగ్గా సర్వీస్ చేయించుకున్న మామూలు జిప్సీయే కావచ్చు.